చాదస్తం ఎవరిది?

నెల్లూరు సీమలోని కోట ఊళ్లో బస్సు దిగి ఎవరినైనా "చాదస్తం అంటే ఏంది?" అని అడగండి. అర్థం చెప్పరు, మనిషిని చూపిస్తారు. మడిబట్ట ఎవరికైనా తగిలితే మళ్లీ తడిపి ఆరేసుకునే అవ్వ. మంగళవారం పూట బీరువాలోంచి రూపాయి బయటికి తీయని షావుకారు. గడప దాటాక ఎవరో తుమ్మితే వెనక్కొచ్చి, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని బయల్దేరే పెద్దాయన. "మా నాయనకు చాదస్తం ఎక్కువబ్బా" అని కొడుకు అన్నప్పుడు అందులో విసుగెంత ఉంటుందో ముద్దూ అంతే ఉంటుంది. కోపం మాత్రం ఉండదు.

ఇంత చనువుగా వాడుకునే ఈ మాట పుట్టిల్లు వేదం.

ఛందస్సు అనగానే మనకు బడిలో బట్టీపట్టిన గణాలు, ఉత్పలమాల, చంపకమాల గుర్తొస్తాయి. అంతకు చాలా ముందు ఆ మాటకు వేదమనే అర్థం. పాణిని తన కాలపు వాడుక సంస్కృతాన్ని 'భాష' అన్నాడు, వేదంలోని భాషను 'ఛందస్సు' అన్నాడు. ఆ ఛందస్సు చదివి ఒంటబట్టించుకున్నవాడు ఛాందసుడు. ఒకప్పుడది తలెత్తుకు తిరగదగిన పేరే. తెలుగు నోళ్లలో నలిగి నలిగి ఛాందసం చాదస్తమైంది. ఒత్తు పోయింది, సున్న పోయింది, వాటితోపాటే మర్యాదా పోయింది.

అసలు ఛందస్సుకు ఆ పేరెలా వచ్చింది? యాస్కుడు నిరుక్తంలో, కప్పేది కాబట్టి ఛందస్సు అన్నాడు. ఛాందోగ్యోపనిషత్తులో దానికొక కథే ఉంది. దేవతలు మృత్యువుకు భయపడి వేదంలో దూరారట. ఛందస్సులను ఒంటినిండా కప్పుకున్నారట. అయినా నీళ్లలో చేపను చూసినట్టు మృత్యువు వాళ్లను కనిపెట్టేసిందట. మెప్పించేది అనే అర్థం వచ్చే ధాతువు నుంచి పుట్టిందనే వాదమూ ఉంది కానీ నాకు ఈ కథే నచ్చుతుంది. అవ్వ మడి, పెద్దాయన తుమ్ము శకునం కూడా ఏదో భయానికి కప్పుకున్న దుప్పట్లే కదా.

బౌద్ధులకు ఈ ఛందస్సుతో ఇంకో పేచీ. చుల్లవగ్గలో ఉంది ఆ సంగతి. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి భిక్షువులైన ఇద్దరు అన్నదమ్ములు బుద్ధుడి దగ్గరికి వెళ్లారు. రకరకాల ఊళ్లవాళ్లు, కులాలవాళ్లు తమ తమ యాసల్లో మీ మాటలను పాడుచేస్తున్నారు, వాటిని ఛందస్సులోకి మారుస్తాం అన్నారు. బుద్ధుడు ఒప్పుకోలేదు, మందలించాడు కూడా. ఛందస్సు అంటే అక్కడ వైదిక సంస్కృతమా, పద్యమా అని పండితులు ఇప్పటికీ తగువాడుకుంటారు. ఏదైనా కానీ, పదిమందికీ అందే మాట మీద తలుపు వేయొద్దన్నది స్పష్టం.

మరి బిరుదు వెక్కిరింతగా ఎలా మారింది? దీనికి శాసనాధారం చూపించలేం కానీ, నా అనుమానం నియోగుల మీద. తెలుగు బ్రాహ్మణుల్లో వైదికులు వేదం, పౌరోహిత్యం పట్టుకుని ఉండిపోతే, నియోగులు కరణీకాలు, కచేరీ కొలువుల వైపు నడిచారు. నవాబుల కాలంలో పారసీ, దొరల కాలంలో ఇంగ్లిషు నేర్చారు. లెక్కాడొక్కా తెలిసినవాడికి స్వరం తప్పకుండా వేదపనస చెప్పేవాడు లోకం తెలియని అమాయకుడిగా కనబడటంలో వింత లేదు. ఛాందసుడనే మాటకు ఆ ఎకసెక్కం అక్కడే అంటుకుని ఉండాలి.

1892లో మొదటిసారి రంగస్థలమెక్కిన కన్యాశుల్కంలో గురజాడ ఈ ఎకసెక్కాన్ని ఎక్కడికి తీసుకెళ్లాడో చూడండి. అగ్నిహోత్రావధాన్లు వేదం చదివినవాడు, చాదస్తుడు, ఆయన తీరు చూసి నవ్వొస్తుంది. కానీ ఆయన పసిపిల్లను ముసలివాడికి అమ్మజూపుతున్నాడు. అక్కడికొచ్చేసరికి నవ్వు గొంతులో ఇరుక్కుంటుంది.

పైవాళ్ల పేర్లు తిట్లుగా దిగజారడం తెలుగువాళ్ల సొత్తేమీ కాదు. అశోకుడు ఎర్రగుడి శాసనాల్లో తనను 'దేవానాంప్రియుడు' అని చెప్పుకున్నాడు. దేవతలకు ఇష్టమైనవాడు అని. తర్వాతి సంస్కృత వైయాకరణులు అదే మాటకు మూర్ఖుడనే అర్థం కట్టారు. బౌద్ధం పట్టిన రాజు బిరుదును వాళ్లు తిట్టు చేస్తే, వేదం చదివినవాడి బిరుదును మన తెలుగు తిట్టు చేసింది. చెల్లుకు చెల్లు.

నెల్లూరు సీమకు రాక రాక వస్తే వేదం వేంకటరాయశాస్త్రి గారిని వదలలేం. నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజం పెట్టి నాటకాలాడించిన మనిషి. 1897 నాటి ప్రతాపరుద్రీయంలో చాకలి చేత చాకలి భాషే మాట్లాడించి సంప్రదాయ పండితులను ఉలిక్కిపడేలా చేశారు. అదే శాస్త్రిగారు, గిడుగు రామమూర్తి వ్యావహారికం కోసం పోరాడినప్పుడు గ్రాంథికం వైపు నిలబడ్డారు. నాటకంలో పాత్రకు చెల్లిన భాష వచనం రాసే పండితుడికి చెల్లదన్నమాట! ఒకే మనిషి ఒకచోట తిరుగుబాటుదారు, ఇంకోచోట ఛాందసుడు.

కోట నుంచి సముద్రం వైపు నడిస్తే మాట మారుతుంది. కొత్తపట్నం దారిలో రొయ్యల గుంటలున్నాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర పడితే రైతు మేత తగ్గిస్తాడు. పట్నం నుంచి వచ్చిన కుర్రాడికి అది చాదస్తంలా తోస్తుంది. రైతునడిగితే, ఆ రోజుల్లో రొయ్య పొర విడుస్తుంది, మేత తినదు, వేసిందంతా అడుగున కుళ్లి నీళ్లు చెడతాయి అంటాడు. ఇది చేతులు కాల్చుకుని నేర్చిన చదువు. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలు సముద్రంలోకి పోకూడదన్నది సర్కారు నిషేధం. దాన్నెవరూ చాదస్తమనరు. మత్స్యకార పల్లెల్లో పెద్దలు వేసే కట్టుబాటునూ అనరు. కట్టుబాటు తప్పితే జరిమానా ఉంటుంది, ఊరి వెలి ఉంటుంది. వెనకాల శిక్ష ఉన్నదాన్ని చూసి నవ్వడానికి ధైర్యం కావాలి.

చాదస్తమనే మాటలోని కిటుకు ఇక్కడుంది. నష్టం చేయలేనివాళ్ల పట్టుదలకే మనం ఆ పేరు పెడతాం. అవ్వ మడికి ఊరు మొత్తం నవ్వుతుంది. అదే మడి గుడి తలుపుకు గడియై కూర్చుంటే గొంతు తగ్గించి 'ఆచారం' అంటాం, 'సంప్రదాయం' అంటాం.

1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షకు కూర్చున్నారు. అడ్డుపడ్డవాళ్లను ఆనాడు చాదస్తులనలేదు, సనాతనులన్నారు. ఆ దీక్షకు గుడి తలుపులు తెరుచుకున్నాయి. మరుసటి ఏడే మద్రాసు రాష్ట్రమంతటికీ ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా శ్రీరాములు ఊరుకోలేదు. అంటరానితనం మానమని రాసిన అట్టలు మెడలో వేసుకుని, చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా నెల్లూరు ఎండలో వీధులు తిరిగారు. చూసినవాళ్లలో చాలామంది ఆయన్ను పిచ్చివాడన్నారు.

అవ్వది చాదస్తం, గడియ వేసినవాడిది ఆచారం, గడియ తీయమన్నవాడిది పిచ్చి. పేర్లు పెట్టింది మనమే.

1952 డిసెంబర్ 15న ఆంధ్ర రాష్ట్రం కోసం చేసిన దీక్షలో ఆయన ప్రాణం పోయింది. 2008లో నెల్లూరు జిల్లాకు ఆయన పేరు పెట్టారు. ఆ పేరు రాష్ట్రం కోసం ఇచ్చిన ప్రాణానికి గుర్తు, సంతోషమే. మూలాపేట దీక్ష సంగతి మాత్రం ఎంతమంది పిల్లలకు తెలుసు? ఈ ఆదివారం మీ ఇంట్లో పిల్లలకు ఆ కథ చెప్పండి. మీ ఊళ్లో ఇంకా ఏ గుమ్మం దగ్గరైనా, ఏ టీ బంకు దగ్గరైనా మనుషుల్ని విడదీసే 'ఆచారం' నడుస్తుంటే, దాన్ని ఆ మర్యాద పేరుతో పిలవడం మానండి.