ముక్కు దూలపు వంకర - శస్త్రచికిత్స నిర్ణయము

ముక్కు దూలపు వంకర అంటే ముక్కు లోపలి భాగాన్ని కుడి, ఎడమ గదులుగా విభజించే నిలువు గోడ మధ్యరేఖను వదలి ఒక ప్రక్కకు ఒరిగి ఉండడము. వైద్యులు దీనిని క్లుప్తముగా డి.ఎన్.ఎస్. అని వ్రాస్తారు. దీనిని సరిచేసే శస్త్రచికిత్సను సెప్టోప్లాస్టీ అంటారు. పరీక్షించి చూస్తే పెద్దవారిలో అధిక సంఖ్యాకులకు ఏదో ఒక మేరకు వంకర కనిపిస్తుంది; వారిలో చాలామందికి దాని వలన ఏ బాధా ఉండదు. అందువలన దూలము వంకరగా ఉన్నదా అనే ప్రశ్న కంటె, రోగి పడుతున్న బాధకు ఆ వంకరే కారణమా అనే ప్రశ్న ముఖ్యమైనది.

నిర్మాణము

ఇంటికప్పును మోసే దూలము వలె ఈ గోడ ముక్కు వెన్నును మోస్తుంది కనుక తెలుగులో దీనికి ఆ పేరు తగినదే. గోడ ముందు భాగము మృదులాస్థి. వెనుక పైభాగములో జల్లెడ ఎముక నుండి దిగిన పలుచని పలక, వెనుక క్రిందిభాగములో నాగటి కర్రు ఆకారము గల వోమర్ అనే ఎముక ఉంటాయి. రెండు ప్రక్కలా పొర కప్పి ఉంటుంది. మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. దానికి పోషణ ఈ పొర నుండే అందాలి.

వంకర కొందరిలో పుట్టుకతో, కొందరిలో ఎదుగుదలలో, మరికొందరిలో దెబ్బ తగలడము వలన ఏర్పడుతుంది. దెబ్బల విషయములో ఒక హెచ్చరిక అవసరము. ముక్కుకు దెబ్బ తగిలిన తరువాత రెండు ప్రక్కలా ఊపిరి ఆడక, లోపలి గోడ మెత్తగా ఉబ్బి కనిపిస్తే పొర క్రింద రక్తము గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు మృదులాస్థికి పోషణ తెగి కొద్ది రోజులలోనే నశిస్తుంది, ముక్కు కుంగిపోతుంది. ముఖ్యముగా పిల్లలలో దీనిని ఉపేక్షించరాదు. ఆ రోజే వైద్యుని చేత ఆ రక్తము తీయించాలి. మిగిలిన వంకరల విషయములో ఇంత తొందర లేదు.

ముక్కు దిబ్బడకు ఇతర కారణాలు

ముక్కు ప్రక్కగోడల నుండి టర్బినేట్లు అనే కండతో కప్పిన ఎముకలు పొడుచుకొని ఉంటాయి. ఇవి రక్తముతో ఉబ్బుతూ, తగ్గుతూ ఉంటాయి. ఆరోగ్యవంతులలో కూడా కొన్ని గంటలపాటు ఒక ప్రక్క ఉబ్బితే, తరువాత రెండవ ప్రక్క ఉబ్బుతుంది. దీనిని నాసికా చక్రము అంటారు. 1895లో రిచర్డ్ కైజర్ అనే జర్మన్ వైద్యుడు దీనిని వర్ణించాడు. శ్వాస ఎడమన ఆడితే చంద్రనాడి, కుడిన ఆడితే సూర్యనాడి అని మన యోగశాస్త్రము చెప్పే మాటలు కూడా ఈ మార్పును గమనించినవే.

దీని నుండి ఉపయోగకరమైన ఒక గుర్తు దొరుకుతుంది. గోడ కదలదు. ఒక పూట కుడి ముక్కు, ఇంకొక పూట ఎడమ ముక్కు మూసుకొంటున్నదని రోగి చెబితే దోషము ప్రధానముగా ఉబ్బే పొరదే. ఎలర్జీ, దుమ్ము, పడిశము వంటివి కారణాలు కావచ్చు. వంకర వలన కలిగే అవరోధము చాలావరకు ఒకే ప్రక్కన, ఏడాది పొడవునా ఉంటుంది. అయితే దీనికొక మినహాయింపు ఉంది. ఇరుకు ప్రక్క దిబ్బడకు రోగి ఏండ్ల తరబడి అలవాటు పడి, వెడల్పు ప్రక్క ఉబ్బినప్పుడు మాత్రమే ఊపిరి ఆడడము లేదని, అది కూడా ఆ ప్రక్కనే అని చెప్పవచ్చు. వెడల్పు ప్రక్క టర్బినేటు ఖాళీని పూరించేటట్లు పెరగడము కూడా సాధారణమే.

వంకర పరిమాణము కంటె అది ఉన్న చోటు ముఖ్యము. ముక్కు రంధ్రానికి కొంచెము లోపల, నాసికా కవాటము అనే చోట దారి అన్నింటికంటె ఇరుకు. అక్కడ స్వల్పమైన వంకర కూడా బాధిస్తుంది; వెనుక భాగములో పెద్ద వంకర ఉన్నా తెలియకపోవచ్చు. చెంపను వేలితో ప్రక్కకు లాగినప్పుడు శ్వాస సుఖముగా ఆడితే అవరోధము ఈ కవాటము దగ్గర ఉండవచ్చు. ముక్కు ప్రక్కగోడ బలహీనముగా ఉన్నవారిలో కూడా ఈ పరీక్ష ఇలాగే కనిపిస్తుంది. అటువంటి వారికి దూలము ఒక్కటే సరిచేస్తే చాలదు.

శస్త్రచికిత్సకు ముందు

వైద్యుడు పొరను కుదించే మందు వేసి మరల చూస్తాడు. దానితో దారి విశాలముగా తెరుచుకొంటే ముందుగా మందులకు అవకాశము ఇవ్వాలి. ఫ్లూటికసోన్, మొమెటసోన్ వంటి స్టీరాయిడ్ స్ప్రేలను నాలుగు నుండి ఆరు వారాలు క్రమము తప్పక వాడి చూస్తారు. రెండు రోజులు వాడి గుణము లేదని మానివేసేవారే ఎక్కువ. ఎడమ ముక్కులోకి కుడి చేతితో, కుడి ముక్కులోకి ఎడమ చేతితో, మొనను బయటి గోడవైపు ఉంచి కొట్టుకోవాలి. గోడకేసి కొట్టుకొంటే పొక్కులు కట్టి రక్తము రావచ్చు. ఉప్పునీటితో కడుగుకొనేవారు, జలనేతి చేసేవారు కాచి చల్లార్చిన నీటినే వాడాలి.

దుకాణాలలో అడిగిన వెంటనే దొరికే జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కల మందుల సంగతి వేరు. ఇవి నిమిషాలలో ముక్కును తెరుస్తాయి కాని వారము మించి వాడితే దిబ్బడను తామే కలిగిస్తాయి. నెలల తరబడి ఈ చుక్కలు లేక నిద్రపట్టనివారు దూలాన్ని నిందించే ముందు చుక్కలను వైద్యుని సలహాతో మానివేసి చూడాలి.

ఇంత చేసినా దిబ్బడ తగ్గక, రోగి చెప్పే బాధ వైద్యునికి కనిపించే వంకరతో సరిపోలితే శస్త్రచికిత్స న్యాయమైనది. బాధను కొలవడానికి 2004 నుండి నోస్ అనే ప్రశ్నావళి వాడుకలో ఉంది. దిబ్బడ, మూసుకొనిపోవడము, శ్వాసకష్టము, నిద్రాభంగము, శ్రమలో గాలి చాలకపోవడము అనే ఐదింటికి 0 నుండి 4 వరకు మార్కులు వేసి, మొత్తాన్ని ఐదుతో హెచ్చిస్తారు. వంకర మొన నుండి తరచు రక్తము కారుతున్నప్పుడు, సైనస్ లేదా కన్నీటి సంచి శస్త్రచికిత్సకు గోడ అడ్డు వచ్చినప్పుడు కూడా దూలాన్ని సరిచేస్తారు.

తలనొప్పి, తుమ్ములు, తరచు జలుబు - ఇవి మాత్రమే ఉంటే కారణము చాలదు. గురకను, నిద్రలో శ్వాస ఆగే వ్యాధిని ఈ శస్త్రచికిత్స ఒక్కటే నయము చేయడము అరుదు. అయితే ఆ వ్యాధికి వాడే సీపాప్ యంత్రాన్ని భరించడము సులభము కావచ్చు. వేరొక కారణానికి తీసిన సీ.టీ. స్కాన్‌లో వంకర కనిపించినదని, ఏ బాధా లేనివారు శస్త్రచికిత్సకు సిద్ధపడడములో అర్థము లేదు. పిల్లలలో తీవ్రమైన అవరోధము లేకుంటే ముక్కు ఎదుగుదల పూర్తి అయ్యేదాకా ఆగుతారు.

పరిశోధనలు

చాలాకాలము ఈ శస్త్రచికిత్స ప్రయోజనాన్ని వైద్యుల అనుభవమే బలపరచింది. నెదర్లాండ్స్‌లో 203 మంది పెద్దలపై జరిగి 2019లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అధ్యయనములో శస్త్రచికిత్స పొందినవారు ఇతర చికిత్స పొందినవారి కంటె మెరుగుగా ఉన్నారు. బ్రిటన్‌లో 378 మందిపై జరిగిన అధ్యయనము 2023లో వెలువడింది. అందులో ముక్కు బాధలను 0 నుండి 110 వరకు కొలిచారు. ఆరు నెలలకు శస్త్రచికిత్స పొందినవారి సగటు సుమారు 20, స్ప్రేలు వాడినవారిది సుమారు 40. ఎక్కువ అంకె ఎక్కువ బాధను సూచిస్తుంది. ఈ రెండింటిలోను చేర్చుకొన్నది దిబ్బడతో బాధపడుతున్నవారినే అని మరువరాదు. బాధ లేని వంకరకు ఈ ఫలితాలు వర్తించవు.

శస్త్రచికిత్స, చిక్కులు

1902లో అమెరికాలో ఫ్రీర్, 1904లో జర్మనీలో కిలియన్ ప్రచురించిన పద్ధతిలో పొరలను విడదీసి గోడలో చాలా భాగాన్ని తొలగించేవారు. దానివలన కొందరిలో ముక్కు వెన్ను కుంగేది. తరువాత కాటిల్ వంటివారు మృదులాస్థిని వీలైనంత నిలిపి సరిచేసే పద్ధతిని ప్రచారములోకి తెచ్చారు. నేడు వెన్ను వెంబడి, ముందు అంచున సుమారు ఒక సెంటీమీటరు పట్టీని తప్పక ఉంచుతారు. కోత లోపలే ఉంటుంది కనుక ముఖముపై మచ్చ పడదు.

రక్తస్రావము, గోడకు రంధ్రము పడడము, ప్రక్కగోడకు అతుక్కొనిపోవడము, పై ముందుపళ్ళు కొంతకాలము తిమ్మిరిగా ఉండడము సంభవించే చిక్కులు. వాసన తగ్గడము అరుదు. రంధ్రము చిన్నదైతే శ్వాసలో ఈల వంటి శబ్దము వస్తుంది. టర్బినేట్లను కూడా తగ్గించదలిస్తే ఎంత మేరకో ముందే అడిగి తెలుసుకోవడము మంచిది. వాటిని అతిగా తొలగిస్తే దారి వెడల్పుగా ఉన్నా ఊపిరి ఆడని భావన మిగలవచ్చు.

ముక్కులో పెట్టిన దూదిచుట్టలను సాధారణముగా ఒకటి రెండు రోజులలో తీస్తారు. కొన్నాళ్ళు చీదరాదు, బరువులు ఎత్తరాదు. వాపు తగ్గి అసలు ఫలితము తెలియడానికి కొన్ని నెలలు పడుతుంది. మృదులాస్థికి తన పాత వంపుకు తిరిగే గుణము ఉన్నందున కొందరిలో వంకర కొంత మరల రావచ్చు. ఎలర్జీ ఉన్నవారు శస్త్రచికిత్స తరువాత కూడా స్ప్రేను వాడుకొనవలసి ఉంటుంది.