మధ్యరేఖ వద్ద రిఫరీ తీర్పు

విజయనగరాన్ని రాయపూరుతో కలిపే రైలుమార్గం 1931లో పూర్తయింది. రాయపూరు తెలుగు కుటుంబాలు కూడ స్థిరపడిన నగరం. అక్కడి గుఢియారీ వంటి పేటలో హిందీ, ఛత్తీస్‌గఢీ, తెలుగు మాట్లాడే పిల్లలు కలసి బాస్కెట్‌బాల్ ఆడుతున్నారనుకుందాం. మధ్యరేఖ దాటిన బంతి తిరిగి వెనుకకు వచ్చింది. ఒకరు తప్పన్నారు, మరొకరు కాదన్నారు. రిఫరీ దేనిని చూసి తీర్పు చెప్పాలి?

ఆటస్థలం పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. ఒక జట్టు కాపాడుకొనే బుట్ట ఉన్న సగం దానికి వెనుక భాగం. బంతి వేయవలసిన బుట్ట ఉన్న సగం ముందు భాగం. మధ్యరేఖ వెనుక భాగానికే చెందుతుంది. కనుక ఆ గీతను తొక్కినవాడు వెనుక భాగంలో ఉన్నట్లే లెక్క.

పూర్వం ఆధిక్యం సంపాదించిన జట్టు ఆటస్థలమంతటా బంతిని త్రిప్పుతూ కాలయాపన చేసేది. దీనిని అరికట్టడానికి 1932లో అమెరికాలో, పది సెకండ్లలోగా బంతి మధ్యరేఖ దాటాలనే నియమం చేశారు. అంతర్జాతీయ పోటీలలో 2000 నుండి ఆ గడువు ఎనిమిది సెకండ్లు. దాటిన బంతిని మరల వెనుకకు తేరాదన్న నిషేధం ఉద్దేశం కూడ ఇదే.

బంతిని నేలకు కొడుతూ వచ్చే ఆటగాని రెండు పాదాలూ, బంతీ ముందు భాగాన్ని తాకినప్పుడే అది దాటినట్లు. ఒక్క పాదం మోపినంత మాత్రాన చాలదు.

ఆ తరువాత రిఫరీ మూడు ప్రశ్నలు వేసుకుంటాడు. ముందు భాగంలో బంతి ఏ జట్టు అధీనంలో ఉంది? అది వెనుకకు పోకముందు అక్కడ చివరగా తాకినది ఎవరు? వెనుకకు పోయిన పిమ్మట మొదట తాకినది ఎవరు? మూడింటికీ జవాబు ఒకే జట్టయితే తప్పు జరిగినట్లే. ప్రత్యర్థి చేయి తగిలి బంతి వెనుకకు దొర్లితే, దానిని ఎత్తుకొనడంలో దోషం లేదు. కాని ప్రత్యర్థికి తగిలిన బంతి, ముందు భాగంలోనే ఉన్న సొంత ఆటగాని మోకాలికి తగిలి వెనుకకు పోతే, చివరి స్పర్శ అతనిదే. అది అనుకోకుండా జరిగినా మినహాయింపు లేదు. ప్రేక్షకులు తరచు పొరపడేది ఇక్కడే.

తప్పు తేలగానే రిఫరీ ఈల వేసి, చూపుడువ్రేలు చాచి, చేతిని దేహం ముందు అటూ ఇటూ ఊపుతాడు. బంతి ఎదుటి జట్టుకు పోతుంది. ఆ సంజ్ఞకు అనువాదం అక్కరలేదు. రాయపూరులోనైనా, విజయనగరంలోనైనా దాని అర్థం ఒకటే. ఆడేవారు ఆ మూడు ప్రశ్నలనూ తామే వేసుకొనగలిగితే వాదులాటకు తావుండదు.