పొట్టి ఆవు, గట్టి లెక్క

2024 సంక్రాంతికి ఢిల్లీలో ప్రధాని నివాసంలో పుంగనూరు ఆవులు మేత మేస్తున్న ఫొటోలు వచ్చాక, ఈ పొట్టి జాతి మీద మోజు ఇంకా పెరిగింది. పెరట్లో ఒకటి కట్టేసుకుందామనుకునేవాళ్లు పలుపు కొనేముందు ఈ సంగతులు చదవండి.

నడుం దాటని ఎత్తు
ఎదిగిన పుంగనూరు ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుంచి 200 కిలోలు. అదే ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన ఒంగోలు గిత్త ఒకటిన్నర మీటరు దాకా ఎదుగుతుంది. అయితే పొట్టిదనంలో పుంగనూరుకి పోటీ లేకపోలేదు. కేరళకు చెందిన వెచ్చూరు జాతి ఆవు ‘మాణిక్యం’ 61.1 సెంటీమీటర్ల ఎత్తుతో 2014లో గిన్నిస్‌కెక్కింది.

పోలికలు ఇవీ
చిత్తూరు సీమలోని పుంగనూరు చుట్టుపక్కల పల్లెలు దీని పుట్టిల్లు. అక్కడి జమీందార్లు దీన్ని ఆదరించి పెంచారు. వెడల్పాటి నుదురు, చిన్న కొమ్ములు, వెనక్కి వాలిన వెన్ను, నేలను తాకేంత పొడుగు తోక దీని గుర్తులు. తెలుపు, బూడిద, గోధుమ, నలుపు రంగుల్లో కనిపిస్తుంది.

మేత ఖర్చు తక్కువ
రోజుకు సుమారు 5 కిలోల మేతతో సరిపెట్టుకుంటుంది. కరువు సీమలో పుట్టిన జాతి కావడంతో ఎండుగడ్డి, చొప్ప తిని కూడా నెట్టుకొస్తుంది. పచ్చగడ్డి దొరకని వేసవిలో చిన్న రైతుకు ఇదే పెద్ద లాభం. ఎండకూ బాగా ఓర్చుకుంటుంది.

వెన్నకు పెట్టింది పేరు
పాలల్లో 8 శాతం దాకా వెన్న ఉంటుందని దీనికి పేరు. మామూలు ఆవు పాలల్లో ఉండేది 3 నుంచి 4 శాతమే. కానీ ప్రతి పుంగనూరు ఆవు పాలూ అంత చిక్కగా ఉండవు. జాతి నమోదు వివరాల్లో కనిపించే సగటు 5 శాతం. కొనేముందు అమ్మేవాళ్ల మాట కన్నా, ఆ ఆవు పాలను పాలకేంద్రంలో పరీక్ష చేయించుకోవడం మేలు.

చెంబు చిన్నది
ఒక ఈతలో ఇచ్చే పాలు సగటున 540 కిలోల పైచిలుకు. కొన్ని 200 కూడా దాటవు, బాగా ఇచ్చేవి వెయ్యి దాటుతాయి. ఇప్పుడు వెన్న లెక్క చూడండి. 8 శాతం వెన్నతో 3 లీటర్లు పోస్తే అందులో ఉండేది 240 గ్రాములు. సంకర జాతి ఆవు మూడున్నర శాతంతో 10 లీటర్లు పోస్తే 350 గ్రాములు. పాలకేంద్రంలో ధర కట్టేటప్పుడు వెన్న శాతాన్ని చూసినా, చివరికి చేతికొచ్చే డబ్బును తేల్చేది లీటర్లే.

దూడ లేనిదే చేపదు
నాటు ఆవుల్లో చాలావాటికి దూడ వచ్చి పొదుగును నాలుగు కుమ్ములు కుమ్మితేగానీ పాలు చేపుకు రావు. దూడను లాగి కట్టేసి పిండుకుని, మళ్లీ దూడకు వదలాలి. రెండు లీటర్లిచ్చే ఆవు దగ్గర దూడ వాటా పోగా ఇంటికి మిగిలేది కాఫీకి, ఒక గిన్నె పెరుగుకి.

ఈనితేనే పాలు
ముద్దుగా ఉందని పెయ్యను తెచ్చుకునేవాళ్లు మరిచిపోయే సంగతి ఇది. నాటు పెయ్య తొలిచూలు ఈనేసరికి సాధారణంగా మూడేళ్లు దాటుతుంది. వట్టిపోయాక మళ్లీ చూడి కట్టించాలి. ఈనిన ప్రతిసారీ పెయ్యే పుట్టదు. కోడెదూడ పుడితే దాన్ని ఎవరికివ్వాలో కూడా ముందే ఆలోచించుకోవాలి.

ఆబోతు కోసం వెతుకులాట
ఎదకు వచ్చిన ఆవును దాటించడానికి అసలు జాతి ఆబోతు ప్రతి ఊళ్లో దొరకదు. దగ్గర్లో ఉంది కదా అని జెర్సీ వీర్యం వేయిస్తే కడుపులో దూడ పెద్దదై, ఈనేటప్పుడు ఆవు ప్రాణం మీదికి రావచ్చు. ఉన్న ఒక్క ఆబోతుతోనే తరతరాలుగా దాటిస్తే రక్తసంబంధం దగ్గరై సంతతి బలహీనపడుతుంది.

పొట్టివన్నీ పుంగనూరు కావు
ధర లక్షల్లో పలుకుతుండటంతో ఏ నాటు దూడనైనా ఈ పేరుతో అంటగట్టేవాళ్లు తయారయ్యారు. చిన్నగా ఉందని కొన్న దూడ రెండేళ్లకు మామూలు ఆవంత అవుతుంది. నోరు తెరిచి పళ్లు చూడండి. ఎనిమిది పళ్లూ వేసిన ఆవైతే ఇక ఎత్తు పెరగదు. దూడనే కొనాలనుకుంటే తల్లినీ, వీలైతే తండ్రినీ చూడకుండా బయానా ఇవ్వొద్దు.

ఏ2 దీని ఒక్కదాని సొత్తు కాదు
ఒంగోలు, గిర్ వంటి దేశవాళీ ఆవుల్లో చాలావాటివి ఏ2 రకం ప్రొటీన్ ఉన్న పాలే. గేదె పాలూ అంతే. ఆ ఒక్క ముద్ర చూసి లక్షలు పోయనక్కర్లేదు.

సేద్యానికి సాయం
ఎకరం పంటకు ఎరువుగా పోసే జీవామృతానికి 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ కలుపుతారు. పొట్టి ఆవు పేడ ఒక్కరోజులో అంత పోగవదు. అరెకరం కూరగాయల మడికైతే ఇబ్బంది లేదు.

సర్కారు చేయూత
పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం ఈ జాతిని కాపాడుతూ వస్తోంది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం ‘మిషన్ పుంగనూరు’ చేపట్టింది. మేలైన ఆవుల అండాలను ల్యాబులో ఫలదీకరించి, ఆ పిండాలను వేరే ఆవుల గర్భంలో పెట్టి దూడల్ని పుట్టించడం ఇందులో భాగం.

ఇంతకీ ఎవరికి?
పాలమ్మి బతకాలనుకునేవాళ్లకు ఇది తగదు. మూడో అంతస్తు ఫ్లాటుకు అసలే తగదు. పొట్టిదైనా ఆవే కదా, దానికి మట్టినేల, ఎండ, నాలుగడుగులు తిరిగే చోటు, తోడుగా ఇంకో పశువు కావాలి. పెరడు, కొంచెం పొలం ఉండి, ఇంటికి పెరుగూ నెయ్యీ చాలనుకునేవాళ్లకు మాత్రం దీన్ని మించింది లేదు. అలాంటివాళ్లకు ఒకటే మనవి: పెయ్యను తెచ్చుకున్నాక జాతి కలవనీయకండి. ఎంత దూరమైనా పుంగనూరు ఆబోతు దగ్గరికే తోలుకెళ్లండి.