తిరిగే చక్రంలో తెగని తీగ

"స్టీరింగు ఎన్ని చుట్లు తిప్పినా లోపలి వైరు మెలిపడదేం సార్?" ఆటోమొబైల్ డిప్లొమా క్లాసులో ఒక కుర్రాడు అడిగాడు. నోటిమాటతో తేలే సంగతి కాదు. ఆ వైరును మోసే భాగం పేరు క్లాక్ స్ప్రింగు. షెడ్డులో పడున్న పాతదొకటి తెప్పించి బల్ల మీద విప్పాం.

అరచేతి వెడల్పు ప్లాస్టిక్ డబ్బా. అందులో పలచటి ప్లాస్టిక్ పొరల మధ్య రాగి పట్టీలు పొదిగిన రిబ్బను, వదులుగా చుట్టి ఉంది. దాని బయటి కొస కదలని స్టీరింగు కాలమ్‌కు, లోపలి కొస తిరిగే చక్రానికి. ఒకవైపు తిప్పితే చాపను బిగించి చుట్టినట్టు రిబ్బను మధ్యకు చేరుతుంది. రెండోవైపు తిప్పితే వదులై డబ్బా గోడకు ఆనుతుంది. మారేది చుట్ల బిగువే, మెలిక పడే అవకాశమే లేదు. స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి మూడు చుట్లకు అటూ ఇటూగా తిరిగి ఆగిపోతుంది కాబట్టే ఈ ఉపాయం పారింది.

దీనికి ముందు హారను కోసం రాగి వలయం మీద బ్రష్షు రాసుకుంటూ ఉండేది. బ్రష్షు క్షణం ఎగిరితే హారను గొంతు జీరబోతుంది, అంతే. స్టీరింగులోనే ఉండే ఎయిర్‌బ్యాగుకు అది కుదరదు. సంచి ఉబ్బడానికి ఉన్న వ్యవధి సుమారు 30 మిల్లీసెకన్లు. పైగా దాన్ని పేల్చే ఇగ్నైటర్ నిరోధం 2 ఓమ్‌లు ఉంటుందేమో. ఎయిర్‌బ్యాగు కంప్యూటరు ఆ నిరోధాన్ని కనిపెట్టుకునే ఉంటుంది. వలయం మీద కాస్త మురికి చేరినా లెక్క తప్పుతుంది. రిబ్బను గెలవక ఏం చేస్తుంది!

బిగించడంలోనే ఉంది అసలు పనితనం. ముందు బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి. ప్రమాదంలో బ్యాటరీ తెగిపోయినా సంచి పేలాలని కెపాసిటర్లలో కరెంటు దాచి ఉంచుతారు. కారు చక్రాలు తిన్నగా పెట్టాలి. కొత్త క్లాక్ స్ప్రింగులో రిబ్బనును నడిమధ్యన పట్టి ఉంచే పిన్నును బిగించేదాకా పీకకూడదు. రిబ్బను నడిమధ్యన లేకపోతే ఆ రోజుకు అన్నీ బాగానే ఉంటాయి, హారను కూడా మోగుతుంది. ఎప్పుడో ఇరుకు సందులో స్టీరింగు పూర్తిగా కోసినప్పుడు, చుట్లు చాలని వైపు రిబ్బను పుటుక్కున తెగుతుంది.

ఎయిర్‌బ్యాగు ఆలోచన పాతదే: 1953లో అమెరికాలో జాన్ హెట్రిక్ ఎయిర్‌బ్యాగుకు పేటెంటు పొందాడు. మన దేశంలో కొత్త కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జులై నుంచి తప్పనిసరి. పాటల బటన్లూ అవీ స్టీరింగెక్కాక రిబ్బనులో రాగి పట్టీలు పెరిగాయి.

ఎయిర్‌బ్యాగు లైటు వెలిగి, అప్పుడే హారను కూడా మూగబోతే మొదట అనుమానించాల్సింది ఈ క్లాక్ స్ప్రింగునే. మల్టీమీటరు మాత్రం ఎయిర్‌బ్యాగుకు తగిలించకండి. ఆ కాస్త కరెంటుకే పేలే ప్రమాదం ఉంది.