లారీలు మోసే సరకుకు లెక్క ఎట్లా?

కృష్ణపట్నం రేవు నుండి ఒక లారీ 20 టన్నుల వంటనూనెతో చెన్నైకి బయలుదేరినదని అనుకుందాము. రేవు దగ్గర కాటా వేసి 20 టన్నులని వ్రాసుకుంటారు. చెన్నైలో సరకు దించుకొన్నవారు కూడా 20 టన్నులనే వ్రాసుకుంటారు. రెండు లెక్కలూ సత్యమే. కాని రెండు రాష్ట్రాల లెక్కలను తెచ్చి కూడితే 40 టన్నులు తేలుతుంది! లారీ మోసినది 20 టన్నులే గదా. మిగిలిన 20 టన్నులు ఎక్కడి నుండి వచ్చినవి? లెక్కపెట్టిన పద్ధతి నుండి.

ఒకప్పుడు ఈ తీరం వెంబడి బకింగ్‌హాం కాలువలో పడవల మీద సరకులు సాగేవి. లాకుల దగ్గర ప్రతి పడవా ఆగవలసినదే. కావున వాటిని లెక్కించడం సులభం. రైలు సరకుకు కూడా అంత చిక్కు లేదు. రైల్వే ఒకే సంస్థ. ఎక్కించిన సరకుకు రసీదు ఉంటుంది. లారీల సంగతి వేరు. యజమానులు లక్షల మంది, దారులు అనేకం. అందుచేత లెక్కించే వారందరూ ముందుగా కొన్ని నియమాలకు ఒప్పుకోవాలి.

మొదటి నియమం కొలమానాన్ని గురించినది. రేవు నుండి 20 టన్నులను 25 కిలోమీటర్ల దూరాన ఉన్న గోదాముకు చేర్చినా, 180 కిలోమీటర్ల దూరాన ఉన్న నగరానికి చేర్చినా టన్నులు 20 మాత్రమే. కాని జరిగిన పని ఒకటే అవుతుందా? కాదు. అందువల్ల బరువును దూరంతో గుణిస్తారు. ఒక టన్ను సరకును ఒక కిలోమీటరు మోస్తే అది ఒక టన్ను-కిలోమీటరు. పై ఉదాహరణలో మొదటి పని 500, రెండవది 3,600 టన్ను-కిలోమీటర్లు. ఈ కొలతకు మరొక సుగుణం ఉన్నది. సరకును దారిలో దించి వేరొక లారీకి ఎక్కిస్తే టన్నులు రెండుసార్లు లెక్కకు వస్తాయి. టన్ను-కిలోమీటర్లలో మాత్రం ఏ లారీ నడిచిన దూరం ఆ లారీదే. ఆ పొరపాటుకు తావు లేదు.

రెండవది బరువును గురించిన నియమం. నెల్లూరు తీరపు చెరువుల నుండి రొయ్యలు మంచుగడ్డల మధ్య ప్రయాణిస్తాయి. ఒక బండిలో 6 టన్నుల రొయ్యలు, 4 టన్నుల మంచు ఉన్నవనుకోండి. వ్యాపారి 6 అంటాడు. కాటా 10 అంటుంది. ఇద్దరూ అబద్ధమాడలేదు. కాని ఒక జిల్లావారు మంచును కలిపి, మరొక జిల్లావారు విడిచి లెక్కిస్తే ఆ రెండు అంకెలను పోల్చడం వ్యర్థం.

మూడవది, ఏ లారీని ఎవరు లెక్కించాలి? ఈ ప్రశ్నకు యూరపు దేశాలు చక్కని సమాధానం కనుగొన్నవి. అక్కడ లారీలు ఒక్క దినంలోనే రెండు మూడు దేశాలు దాటిపోతాయి. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం ప్రతి దేశమూ తన దగ్గర రిజిస్టరయిన లారీలనే లెక్కిస్తుంది. అవి ఏ దేశంలో తిరిగినా సరే. ఒక లారీకి రిజిస్ట్రేషను ఒకేచోట ఉంటుంది గనుక అది రెండుసార్లు లెక్కకు రాదు. సరకు ఎక్కించిన చోటు, దించిన చోటు కూడా అడుగుతారు గనుక ఏ ప్రాంతం నుండి ఏ ప్రాంతానికి ఎంత సాగినదో తరువాత తేల్చవచ్చును. సరకులన్నిటినీ అన్ని దేశాలూ ఒకే విధంగా 20 తరగతులుగా విభజిస్తాయి. 3.5 టన్నుల కంటె తక్కువ మోసే చిన్న బండ్లను విడిచిపెట్టవచ్చును.

నాల్గవది, అన్ని లారీలనూ అడగడం సాధ్యం కాదు. కావున కొన్నింటిని మచ్చుకు ఎన్నుకొని, సాధారణంగా ఒక వారపు ప్రయాణాల వివరాలు అడుగుతారు. నూటికి ఒకటి చొప్పున ఎన్నుకొంటే ఆ ఒక్కటి నూరు లారీలకు ప్రతినిధి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ వారం లారీ కదలలేదంటే జవాబు సున్న. యజమాని జవాబే వ్రాయకపోతే అది ఖాళీ. ఖాళీని సున్నగా భావిస్తే లెక్క తగ్గిపోతుంది. ఇట్టి మచ్చు పద్ధతి మనకు క్రొత్తది కాదు. మన జాతీయ నమూనా సర్వే 1950లోనే ప్రారంభమయినది.

మన దేశంలో 2017 జూలై 1న జి.ఎస్.టి. అమలులోకి వచ్చిన పిమ్మట సరిహద్దులలోని వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులను ఎత్తివేశారు. 2018 ఏప్రిల్ 1 నుండి, 50,000 రూపాయల విలువ మించిన సరకు రాష్ట్రం దాటాలంటే ఇ-వే బిల్లు ఉండాలి. దానిలో బండి నంబరు, సరకు రకం, బయలుదేరిన చోటు, చేరవలసిన చోటు ఉంటాయి. లెక్కలకు ఇది గొప్ప సహాయమే. కాని అది పన్ను కొరకు పుట్టినది. పన్ను లేని ధాన్యానికి, పచ్చిరొయ్యలకు సాధారణంగా ఆ బిల్లు అవసరం లేదు. అంటే కేవలం బిల్లులనే నమ్ముకుంటే, నెల్లూరు సీమకు పేరు తెచ్చిన రెండు సరకులూ లెక్కలో సరిగా కనబడవు!

లెక్క తప్పితే నష్టమేమి? రోడ్డు వేసే ఇంజనీరును అడగండి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958–60 మధ్య పరీక్షకని వేసిన రోడ్ల మీద లారీలను నడిపి చూశారు. ఇరుసు మీది బరువు రెట్టింపయితే రోడ్డుకు కలిగే నష్టం సుమారు 16 రెట్లు అవుతుందని ఆ పరీక్షల వల్ల తేలినది. ఏ దారిలో ఎంత బరువు, ఎన్ని ఇరుసుల మీద సాగుతున్నదో తెలియక వేసిన రోడ్డు కొద్ది వానలకే గుంతలు పడుతుంది. ఆ గుంతలలో నడిచేది ఆ ఊరి ప్రజలే.

ఉపాధ్యాయులు దీనిని విద్యార్థులకు సులభంగా చూపవచ్చును. రహదారికి దూరంగా, క్షేమమైన చోట రెండు జట్లను నిలిపి, ఏ నియమమూ చెప్పకుండా ఒక గంటసేపు లారీలను లెక్కించమనండి. ట్రాక్టరు లారీయా? ఖాళీ బండిని లెక్కించాలా? ఈ ప్రశ్నలకు ఒక్కొక్క జట్టు ఒక్కొక్క విధంగా జవాబు చెప్పుకుంటుంది. అంకెలు సరిపోవడం అరుదు. పిమ్మట నియమాలను అందరూ కలిసి బల్ల మీద వ్రాసుకొని మరల లెక్కించాలి. ఈసారి అంకెలు దగ్గరకు వస్తాయి. దేశాల మధ్య జరుగుతున్నది కూడా ఈ పనే.