వార్తల్లో పదం: ప్రొడక్ట్ యాజ్ ఎ సర్వీస్

వస్తువును అమ్మేసి చేతులు దులుపుకోకుండా, దాని వాడకం మీద డబ్బు వసూలు చేసే పద్ధతి ఇది. ఇంటర్నెట్ కంటే పాతదే. 1962లో బ్రిటన్‌కు చెందిన బ్రిస్టల్ సిడ్లీ కంపెనీ వైపర్ విమాన ఇంజిన్ల నిర్వహణకు ఎగిరిన గంటల లెక్కన రుసుము తీసుకుంది. తర్వాత అది రోల్స్ రాయిస్‌లో కలిసిపోయింది. ఇప్పుడు ఇంజిన్లలోని సెన్సర్లు వేడి, ఒత్తిడి, ప్రకంపనల వివరాలను కంపెనీకి చేరవేస్తాయి. మరమ్మతులు ఎంత తగ్గితే కంపెనీకి అంత మిగులు. విమానయాన సంస్థకూ కావాల్సింది అదే.

బీఎండబ్ల్యూ దారి వేరు. కారులో ముందే అమర్చిన సీటు హీటర్‌కు 2022లో కొన్ని దేశాల్లో నెలవారీ చందా పెట్టి, విమర్శలు రావడంతో 2023లో మానుకుంది. కొన్న కారులోని హీటర్‌కు మళ్లీ అద్దెనా! అందుకే చందాతో నడిచే స్మార్ట్ పరికరం కొనేముందు, చందా ఆపేస్తే ఏమేం పనిచేయవో అడగండి.