పలక పట్టించే ముందు బడిని చూడండి

ఉదయం ఏడున్నర గంటలకు ఊరి మొగదల పసుపు రంగు బస్సు వచ్చి ఆగుతుంది. మెడలో టై, కాళ్లకు బూట్లు, వీపున సంచి. మూడున్నరేళ్ల పసివాడు తల్లి కొంగు వదలడు. ఆయా రెక్క పట్టి ఎక్కిస్తుంది. బస్సు మలుపు తిరిగేదాకా ఏడుపు వినిపిస్తూనే ఉంటుంది. "నాలుగు రోజులు పోతే వాడే అలవాటు పడతాడులే" అని ఇరుగుపొరుగు వారు తల్లికి ధైర్యం చెబుతారు. బడులు తెరిచే జూన్ నెలలో జిల్లాలోని చాలా పల్లెల్లో కనిపించే దృశ్యమిది.

అటువంటి ఒక పల్లెలో, ఒక కౌలు రైతు ఇంట్లో బడులు తెరవడానికి ముందు పెద్ద వాదనే జరిగింది. కూతురికి మూడేళ్లు నిండాయి. పదో తరగతితో చదువు ఆపేసిన తండ్రి, "నాలాగా అది మట్టి పిసుక్కోకూడదు. ఇప్పటి నుంచే ఇంగ్లీషు పడాలి" అని పట్టుబట్టాడు. ఫీజు, బస్సు, బట్టలు, పుస్తకాలు అన్నీ లెక్క వేస్తే ఎకరం పొలానికి కట్టే కౌలంత తేలింది. భార్య చెవిదిద్దులు తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డాడు.

తల్లికి మనసొప్పలేదు. పక్కింటి పిల్లవాడు అంతకు ముందు ఏడాది అలాగే బస్సెక్కాడు. గలగలా మాట్లాడేవాడు కాస్తా ఇంట్లో కూడా నోరు మెదపడం తగ్గించాడు. రాత్రిళ్లు పక్క తడపడం మొదలుపెట్టాడు. "దిద్దులు పోతే పోనీ, పిల్ల నవ్వు పోతే ఎక్కడ తెస్తాం?" అని ఆమె అడిగింది. నాయనమ్మ అంగన్‌వాడీకి పంపమంది. "అక్కడ గుడ్డు పెడతారు, ఆడిస్తారు. చదువేముంది?" అని తండ్రి కొట్టిపారేశాడు.

ఈ మాట దగ్గరే అసలు చిక్కు ఉంది. ఆట వేరు, చదువు వేరు అన్నది పెద్దల లెక్క. మూడేళ్ల పిల్లలకు ఆ తేడా లేదు.

ఆటలోనే అన్నీ

వాకిట్లో గుజ్జనగూళ్లు ఆడుకునే పిల్లలను కాసేపు గమనిస్తే విషయం తెలిసిపోతుంది. ఇసుకే బియ్యం, కొబ్బరి చిప్పే గిన్నె. నలుగురు కూర్చుంటే నాలుగు ఆకులు వేస్తారు. "అయ్యో, ఒకటి తక్కువైంది" అని ఇంకొకటి తెస్తారు. అదే లెక్కల్లో మొదటి మెట్టు. "నువ్వు అమ్మవి, నేను నాన్నని" అని పాత్రలు పంచుకుంటారు. ఒకరు అలిగితే మరొకరు బుజ్జగిస్తారు. మాట నేర్చేదీ, తన వంతు వచ్చేదాకా ఆగడం నేర్చేదీ అక్కడే.

మట్టి పిసికి బొమ్మలు చేసినా, పూలు గుచ్చినా వేళ్లకు పట్టు వస్తుంది. మూడేళ్ల వయసులో మణికట్టులోని చిన్న ఎముకలు ఇంకా పూర్తిగా ఏర్పడవు. అటువంటి చేతికి పెన్సిలిచ్చి పేజీల కొద్దీ అక్షరాలు దిద్దించడం, లేత దూడ మెడ మీద కాడి వేయడం వంటిదే. ముందు మట్టి, తర్వాత రంగులు, ఆ తర్వాత పలక. ఇదీ వరస.

ఇది నిన్న మొన్నటి మాట కాదు

జర్మనీలో ఫ్రోబెల్ అనే ఉపాధ్యాయుడు 1837లో ఆటపాటలతో పసిపిల్లల బడి ప్రారంభించారు. కిండర్‌గార్టెన్ అని ఆయన పెట్టిన పేరుకు అర్థం పిల్లల తోట. మన దేశంలో గిజుభాయి బధేకా వకీలు వృత్తి వదిలి వచ్చి 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరం నెలకొల్పారు. బెత్తం, భయం లేకుండా కథలు, ఆటల ద్వారా చదువు చెప్పారు. ఆయన వద్ద పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్రలోని బోర్డీ గ్రామంలో పల్లె పిల్లల కోసం పని ప్రారంభించారు. ఖరీదైన ఆట వస్తువులు లేకపోతేనేం, గింజలు, గులకరాళ్లు, ఆకులు చాలని నిరూపించారు. బడికి రాలేని పిల్లల ముంగిట్లోకే బడిని తీసుకువెళ్లారు. అంగన్ అంటే ముంగిలి అనే అర్థం.

కేంద్ర ప్రభుత్వం 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకాన్ని 33 బ్లాకుల్లో ప్రారంభించింది. ఇప్పుడు ఊరూరా ఉన్న అంగన్‌వాడీలు ఆ పథకంతో మొదలైనవే. 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా లెక్కగట్టి, ఆ దశలో ఆటపాటల ద్వారానే బోధన సాగాలని చెప్పింది. వీలైన చోట కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలోనే చదువు ఉండాలని సూచించింది. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలన్నది అందులోని లెక్క. అంటే మూడేళ్ల పిల్లకు ఇంకా మూడేళ్ల వ్యవధి ఉంది. తెలుగులో ధారాళంగా మాట్లాడి, కథ విని తిరిగి చెప్పగలిగిన పిల్లకు తర్వాత ఇంగ్లీషు నేర్చుకోవడానికి గట్టి పునాది ఉన్నట్లే.

గంటసేపు కూర్చుని చూడండి

ప్లే స్కూలు అని బోర్డు కట్టినంత మాత్రాన లోపల ఆట ఉంటుందని నమ్మకం లేదు. ప్రభుత్వానిదైనా, ప్రయివేటుదైనా తల్లిదండ్రులు గంటసేపు కూర్చుని చూసి రావడం మేలు. లోపలికి రానివ్వకపోతే ఎందుకని అడగాలి.

ముందుగా చెవులతో చూడాలి. గదిలో పిల్లల మాటలు ఎక్కువగా వినిపిస్తున్నాయా, పెద్దల కేకలా? పిల్ల తన ఇంటి మాటలో "దాహం" అంటే పలికేవారున్నారా? ఆట వస్తువులు పిల్లల చేతికి అందేలా ఉన్నాయా, బీరువాలో దాచారా? రోజూ కథ, పాట, బయట ఆట ఉన్నాయా? ఏడ్చే పిల్లను ఎత్తుకుంటున్నారా, గదమాయిస్తున్నారా?

పిల్లలెందరు, చూసేవారెందరు అన్నది కూడా ముఖ్యమే. కేంద్ర ప్రభుత్వం 2013లో శిశు విద్యా విధానాన్ని ప్రకటించింది. దాని వెంట వచ్చిన ప్రమాణాల ప్రకారం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఇరవై మందికి ఒక పెద్ద మనిషి ఉండాలి. బోధన రోజుకు మూడు నాలుగు గంటలు చాలు. మంచినీరు, మరుగుదొడ్డి, చుట్టూ కంచె, దగ్గర్లో మూతలేని బావి లేకపోవడం కళ్లతో చూసి నిర్ధారించుకోవాలి. చింతగింజలు, గోళీల వంటి వాటితో ఆడేటప్పుడు నోట్లో పెట్టుకోకుండా కనిపెట్టేవారు ఉండి తీరాలి. మూడేళ్లకే ఇంటిపని ఇచ్చే బడి, పరీక్షలో ర్యాంకు చెప్పే బడి అయితే రెండుసార్లు ఆలోచించాలి.

అంగన్‌వాడీలన్నీ బాగున్నాయనీ కాదు. బరువులు తూచడం, సరుకులు పంచడం, రికార్డులు రాయడంతోనే పొద్దు గడిచిపోయే కేంద్రాలున్నాయి. గుడ్డు కోసం పిల్లను పంపి, తినగానే తీసుకుపోయే తల్లిదండ్రులూ ఉన్నారు. అడిగేవారుంటే ఆటా ఉంటుంది, పాటా ఉంటుంది.

తండ్రి చూసి వచ్చాడు

ఆ కౌలు రైతు చివరకు రెండు చోట్లకూ వెళ్లాడు. ప్రయివేటు బడిలో ఆఫీసు గది, ఫీజు కాగితం చూపించారు. తరగతి చూడాలంటే కుదరదన్నారు. అంగన్‌వాడీలో లోపలికి రమ్మన్నారు గానీ అక్కడా లోపాలు కనిపించాయి. కుళాయికి నీళ్లు రావడం లేదు. ఆట వస్తువులు పాడవుతాయని పెట్టెలో పెట్టి తాళం వేశారు. అయితే టీచరు చుట్టూ పిల్లలు గుంపుగా కూర్చుని కథ వింటున్నారు. మధ్యలో ఒక పాప లేచి, "తర్వాత నక్క ఏం చేసిందో నేను చెబుతా" అంది. తండ్రి ఆ కథ అయ్యేదాకా కదల్లేదు.

మరునాడు మరో ముగ్గురు తండ్రులను వెంటబెట్టుకుని వెళ్లాడు. నలుగురూ తలా కొంత వేసుకుని కుళాయి బాగు చేయించారు. పెట్టె తాళం తీయమని టీచరును కోరారు. "పోతే మేం తెచ్చిస్తాం" అని మాటిచ్చారు. వాకిట్లో ఒక బండి ఇసుక పోయించారు.

దిద్దులు తాకట్టుకు వెళ్లలేదు. నెలకొకసారి వెళ్లి చూస్తానన్న షరతు మీద తండ్రి ఒప్పుకున్నాడు. సాయంత్రం ఇంటికి వచ్చిన కూతుర్ని, "ఇవాళ ఏం చదివావే?" అని అడుగుతున్నాడు. "నక్క చదివా" అంటోంది ఆ పిల్ల.